సైతానుకు జీతమిచ్చేదెవరు?

శాంతకు సైతాను మీద చెప్పుకోదగ్గ పగ ఏమీ లేదు. ఊరంతా వాణ్ణి దుమ్మెత్తిపోస్తున్న రోజుల్లో కూడా ఆమెను పీడించింది ఒక్కటే అనుమానం. అసలు వాడు ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు? వాడికి జీతమిచ్చేదెవరు? రాయికల్‌లో బీడీలు చుట్టుకునే మనిషికి ఇంత పెద్ద అనుమానం ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కోరుట్ల పాస్టరు ఆనందం కూడా మొదట నవ్వాడు, తర్వాత వారం రోజులు ఆయనకు అన్నం సహించలేదు.

సంగతి శాంత మొగుడు రాజేశంతో మొదలైంది. నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉండి, కాగితాలు లేనివాళ్లను అక్కడి సర్కారు మాఫీ చేసి పంపినప్పుడు ఔట్‌పాస్ పట్టుకుని వచ్చాడు. చేతిలో ఒక సంచీ, సంచీలో రెండు లుంగీలు, ఒక సబ్బు. వచ్చిన సాయంత్రం రెండే మాటలు మాట్లాడాడు. "నీళ్లియ్యి" అన్నాడు. తాగి "సల్లగున్నయ్" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం నుంచి ఆ మాత్రం కూడా లేదు. పెడితే తింటాడు, లేకపోతే అడగడు. పొద్దస్తమానం అరుగు మీద గోడకు ఆనుకుని తన అరికాళ్లు తాను చూసుకుంటూ కూర్చుంటాడు. ఇట్లా రెండు నెలలు!

ఊరు ఊరుకుంటుందా? తలా ఒక మాట అంది. ఎడారి గాలి సోకిందన్నారు, మతి పోయిందన్నారు, సంచీలో సైతానును తెచ్చుకున్నాడన్నారు. రాజేశం తల్లి కిష్టవ్వ కొడుకు మొహం ముందు చిటికెలు వేసి చూసి, "పిల్లా, వీని లోపల వీడు లేడే" అని కోడలికి తేల్చి చెప్పింది. తీసుకుపోయి కొండగట్టు అంజన్న సన్నిధిలో పదకొండు రోజులు ఉంచారు. అక్కడ ఒక కోతి రాజేశం చేతిలో అరటిపండు గుంజుకుపోతే ఆయన నవ్వాడట. కిష్టవ్వ సంతోషపడి ఇంకో డజను పండ్లు కొన్నది. కోతులు బాగుపడ్డాయి, మాట మాత్రం రాలేదు.

చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ శాంత ఒకటే చెప్పేది. "ఆ జగిత్యాల ఏజెంటు గోవర్ధన్ ఉన్నడు సూడు, గాడు మనిషి గాదు, సైతాను. షాపింగ్ మాల్ల ఊడ్సుడు పని, నీడపట్టున ఉంటవని మా ఆయనను మాయ జేసిండు. నేను పోవద్దు పోవద్దని కాళ్లు మొక్కిన. ఇన్నడా?" చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకునేది. ఆ కన్నీళ్లేమీ దొంగవి కావు. అక్కడ మాలూ లేదు, నీడా లేదు. రాజేశం తాటిచెట్లు గీసేవాడని తెలియగానే అరబ్బు సేఠు ఆయన్ని తీసుకుపోయి ఎక్కడో ఎడారిలో ఖర్జూరపు తోటలో చెట్లెక్కడానికి, కాపలాకు పెట్టాడు. తోటలో ఆయన, ముప్పై మేకలు. ఆర్నెల్లకోసారి నీళ్ల ట్యాంకరు నడిపే పఠాను దయతలిచి ఫోన్ ఇస్తే ఇంటికి రెండు నిమిషాలు మాట్లాడేవాడు. "చెట్లే ఎక్కాలంటే మన రాయికల్‌ల లేవా చెట్లు? గంత దూరం పోవుడెందుకు?" అని శాంత అందరినీ అడిగేది. ఎవరు మాత్రం ఏం చెబుతారు?

ఆమెకు ఇంకేం అక్కర్లేదు. మొగుడు నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడితే చాలు. మంచిదే కానక్కర్లేదు, తిట్టినా పర్వాలేదు. ఇంట్లో ఉన్న మనిషి ఇంట్లో లేనట్టుంటే ఎంత భయమో అది పడ్డవాళ్లకే తెలుసు. ఆర్నెల్లకోసారి తప్ప ఫోన్ రాని నాలుగేళ్లలో కూడా ఆమె ఇంత ఒంటరిగా లేదు.

బీడీల కార్ఖానాలో పక్కన కూర్చునే ఒకామె కోరుట్ల ప్రార్థన సంగతి చెప్పింది. మూడు శుక్రవారాలు ఉపవాసముండి పోవాలట. మూడో శుక్రవారం పాస్టరు నూనె పోసి సైతానును వెళ్లగొడతాడట. కిష్టవ్వ మెడలో ఎల్లమ్మ బిళ్ల సర్దుకుంటూ "నా కొడుకు మాట్లాడితే నేను ఏ దేవుని కాడికైన అస్త" అంది. ముగ్గురూ బస్సెక్కారు.

పాస్టరు ఆనందం సిరిసిల్ల మనిషి. మగ్గాలు మూతబడ్డప్పుడు భీవండి పోయి, అక్కడ మరమగ్గాల దుమ్ము ఊపిరితిత్తుల నిండా పట్టించుకుని, ఆస్పత్రి మంచం మీద ప్రభువును తెలుసుకుని వచ్చాడు. మంచివాడు. దగ్గు వచ్చినప్పుడు తప్ప గొంతు తగ్గించడు. కోరుట్ల చివర ఆయన మందిరం ఒకప్పుడు కోళ్ల ఫారం. వాన పడ్డ రోజు ఆ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకొక విశేషం, ఆయన మనుషులతో మన మాటే మాట్లాడతాడు గానీ సైతానుతో మాత్రం పుస్తకాల తెలుగులో మాట్లాడతాడు. వాడికి మన యాస అర్థం కాదని ఆయన నమ్మకం కాబోలు.

మొదటి శుక్రవారం శాంత ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుంది. కూర్చోగానే అలవాటు చొప్పున సంచీలోంచి చాట తీసి ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. పాస్టరు చూశాడు.

"అమ్మా, దేవుని మందిరంల తంబాకు ముట్టద్దు."

"తాగుతలేనయ్యగారూ, సుడుతున్న."

"సుట్టుడు సుత వద్దమ్మా."

శాంత చాట పక్కన పెట్టింది. చేతులు ఖాళీ అయితే చెవులు పనిచేస్తాయి. అంతవరకూ ఏ గుడిలోనూ ఏ కథా పూర్తిగా వినని మనిషి ఆ రోజు పాస్టరు చెప్పిన కథ మొత్తం విన్నది.

కథ ఇది. తూర్పు దేశంలో ఒక నీతిమంతుడున్నాడు. గొర్రెలు, ఒంటెలు, కొడుకులు, బిడ్డలు, దేనికీ కొదవలేదు. ఒక రోజు దేవుని దర్బారుకు దూతలందరూ వస్తే వాళ్లతో పాటు సైతాను కూడా వచ్చి నిలబడ్డాడు. దేవుడు ఎటు పోయి వచ్చావని అడిగి, నా భక్తుణ్ణి చూశావా అని మురిసిపోయాడు. వాడిది ఊరికే చేసే భక్తి కాదు, నువ్వు అన్నీ ఇచ్చావు కాబట్టి మొక్కుతున్నాడు, ఒకసారి అన్నీ లాగేసి చూడు, అప్పుడు తెలుస్తుంది వాడి సంగతి అన్నాడు సైతాను. దేవుడు సరేనన్నాడు. అప్పుడు సైతాను దిగిపోయి ఆ మనిషి గొర్రెల్ని, ఒంటెల్ని, పిల్లల్ని, చివరికి ఒంటి మీది చర్మాన్ని కూడా వదలకుండా పాడు చేశాడు.

అందరూ "స్తోత్రం" అన్నారు. శాంత మాత్రం పక్కనామెను మోచేత్తో పొడిచి, "గీ సైతాను మన మొండయ్యే గదనే" అంది.

మొండయ్య ఎవరంటారా? కార్ఖానాలో చెకర్. రాయికల్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లు రోజూ పొద్దున తిట్టే తిట్లలో సగం అతనికే. పని అట్లాంటిది మరి. ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టలు విప్పుతాడు, ఒక్కొక్క బీడీ వేళ్ల మధ్య నొక్కి చూస్తాడు, ఇది లూజు, ఇది పొట్టి, దీని మూతి సరిగ్గా ముడవలేదు అంటూ ఏరి కింద పారేస్తాడు. రాత్రింబవళ్లు నడుము పడిపోయేలా చుట్టినవి కళ్ల ముందు చెత్తలో పడుతుంటే ఎట్లుంటుంది? ఒకసారి శాంత కడుపు మండి నేరుగా సేటు దగ్గరికే పోయింది. సేటు ఎంత మర్యాదగా మాట్లాడాడు! "అరె, గట్ల చేస్తుండా? నేను చెప్తా పో అమ్మా" అన్నాడు. ఆమె చెప్పుల కోసం వెనక్కి వచ్చి చూస్తే సేటూ మొండయ్యా ఒకే బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఆ రోజే ఆమెకు జ్ఞానోదయమైంది. ఏరేది మొండయ్య, ఏరమనేది సేటు. తిట్లు మొండయ్యకు, దండాలు సేటుకు.

ప్రార్థన అయ్యాక పాస్టరు చాయ్ తాగుతుంటే శాంత పోయి ఎదురుగా కూర్చుంది.

"అయ్యగారూ, సైతాను దేవుని కాడ పనిజేస్తడా?"

పాస్టరు నవ్వాడు. "లేదమ్మా. మొదాల్ల దేవదూతనే. అందరికన్న అందగాడు. గర్వపడి దేవునికే ఎదురు తిరిగిండు. దేవుడు వాన్ని పైకెల్లి గెంటేసిండు."

"గెంటేసినోడు మల్ల దర్బారుకు ఎట్లచ్చిండు? మా కార్ఖానల పనిలకెల్లి తీసేస్తే గేటు కాడికి సుత రానియ్యరు."

పాస్టరు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అచ్చినోన్ని దేవుడు బయటికి నడువు అన్లే. ఎటు పోయచ్చినవ్ అని మంచిగ అడిగిండు. మీరే చెప్తిరి గద. గది పగోనితోని మాట్లాడినట్టున్నదా, చెకర్‌తోని మాట్లాడినట్టున్నదా?"

కిష్టవ్వ కోడలి కొంగు గుంజింది. "ఓ పిల్లా, మందు ఇప్పియ్యనీకి అచ్చినం గని కొట్లాడనీకి అచ్చినమా?" పాస్టరు మాత్రం కోప్పడలేదు. "వచ్చే శుక్రవారం చెప్తనమ్మా" అన్నాడు. రాజేశం బయట చెట్టు కింద కూర్చుని అరికాళ్లు చూసుకుంటున్నాడు.

పాపం, పాస్టరు ఆ వారం సిరిసిల్ల దాకా పోయి తన పెద్దయ్యగారిని అడిగి వచ్చాడు. రెండో శుక్రవారం శాంత కూర్చోకముందే జవాబు ఇచ్చేశాడు.

"అమ్మా, సైతాను దేవుని నౌకరు గాదు, దేవునితోని సమానుడు సుత గాదు. వాడు గొలుసు కట్టిన కుక్క. గొలుసు ఎంత పొడుగుంటే గంతనే వాని ఆట."

"మంచిగ చెప్పిండ్రు. గొలుసు ఎవలు పట్టుకున్నరు?"

"దేవుడు."

"మరి కరిసిన కుక్కనే అందరు కొడుతరేంది?"

పాస్టరుకు దగ్గు వచ్చింది. దగ్గు ఒక్కోసారి మనిషిని కాపాడుతుంది. నీళ్లు తాగి, దేవుడు మనుషులను పరీక్ష చేస్తాడని, సైతాను చెడ్డకు చేసేదాన్ని దేవుడు మంచికి మలుస్తాడని, మన బుద్ధికి అదంతా అందదని ఓపికగా చెప్పాడు. ఆ నీతిమంతుడికి చివర్లో గొర్రెలు, ఒంటెలు రెండింతలు ఇచ్చాడనీ, మళ్లీ కొడుకులు, బిడ్డలు పుట్టారనీ కూడా చెప్పాడు.

"గవన్ని ఇచ్చిండు, సరే. చెప్పిండా?"

"ఏం చెప్పుడమ్మా?"

"గాయన గంత గోస పడ్డంక ఎందుకు గిట్లయ్యిందని అడిగిండు గద. గప్పుడు దేవుడు చెప్పిండా, సైతాను అడిగిండు, నేనే ఊ అన్న అని?"

పాస్టరు గ్రంథం తీసి కాగితాలు తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. నిజాయితీ గల మనిషి, లేనిది ఉందని చెప్పడు.

"చెప్పలే" అన్నాడు మెల్లగా. "సముద్రం సంగతి చెప్పిండు, సుక్కల సంగతి చెప్పిండు, పెద్దపెద్ద జంతువుల సంగతి చెప్పిండు. గదొక్కటి చెప్పలే."

"గదీ! సముద్రం ఎవలడిగిండ్రు? ఊ అన్నోడు ఊ అన్న అని ఒక్క మాట చెప్పద్దా?"

"నువ్వు సుత చెకర్ లెక్కనే ఉన్నవమ్మా. దేవుని మాటలు ఒక్కొక్కటి నొక్కి సూస్తున్నవ్" అన్నాడు పాస్టరు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, శాంత కూడా నవ్వింది. కోర్టులో కేసు గెలిచినంత ధీమాగా బస్సెక్కింది. దారి పొడుగునా దేవుడి తప్పేమిటో కిష్టవ్వకు విడమరిచి చెప్పింది. కిష్టవ్వ నిద్రపోయింది. ముందు సీట్లో రాజేశం కిటికీలోంచి చూస్తూ అంతా విన్నాడు.

శనివారం పొద్దున కార్ఖానాలో మొండయ్య శాంత కట్ట విప్పి నాలుగు బీడీలు ఏరి పారేశాడు. గెలిచిన ఊపులో ఉన్న శాంత ఊరుకోలేదు.

"ఏం మొండన్నా, నీ సొమ్మేం పోయింది? ఎందుకు ఏరుతవ్?"

మొండయ్య తలెత్తలేదు. అతనికిది రోజూ ఉండేదే. "నేనేం జేస్తనక్కా? సేటు ఊ అన్నడు, నేనేరిన. ఊ అనకపోతే నా చెయ్యి లేస్తదా?" అన్నాడు.

శాంత నవ్వబోయింది, నవ్వు రాలేదు. కింద పడ్డ బీడీలు ఏరుకోవడం కూడా మరిచిపోయి ఖాళీ చాట చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది.

నాలుగేళ్ల కింద ఏజెంటు గోవర్ధన్ వాళ్ల వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగాడు. అంతకు ముందు వారమంతా ఇంట్లో మాటల్లేవు. మాట్లాడనిది రాజేశం కాదు, శాంత. పక్కింటి వాళ్లు గల్ఫ్ డబ్బుతో స్లాబు వేశారు. "అందరి మొగలు ఇమానాలెక్కుతుండ్రు, నువ్వేమో తాటిచెట్టెక్కుతవ్, దిగుతవ్" అని కంచం దడాలున పెట్టింది, ఆ పూట నుంచే మాట మానేసింది. వానల్లేక చెట్లకు కల్లు సరిగ్గా పారడం లేదన్న మాట నిజమే. అయినా ఆయన ఉన్నదాంట్లో బతుకుదామన్నాడు. గోవర్ధన్ "ఏమంటవ్ రాజేశం?" అని అడిగితే, చేతిలోని చెట్టెక్కే మోకు వైపు చూసుకుంటూ "నాకు గీడనే మంచిగున్నదన్నా" అన్నాడు. అప్పుడు గోవర్ధన్ తలతిప్పి గడపలో నిలబడ్డ శాంత వైపు చూశాడు. శాంత తలూపింది. అంతే. పోవద్దని కాళ్లు మొక్కడం, ఏడ్వడం ఎక్కడా జరగలేదు. ఆయన పోయిన మొదటేడు ఎవరో అడిగితే నోటికొచ్చి అన్నది. తర్వాత అందరికీ అదే చెప్పింది, చెప్పీ చెప్పీ తాను కూడా నమ్మింది.

ఆ రోజు నుంచి శాంతకు రెండు భయాలు పట్టుకున్నాయి. మొగుడు మాట్లాడడేమో అని ఒకటి. మాట్లాడతాడేమో అని ఇంకొకటి. నోరు తెరిస్తే ముందు వచ్చే మాట ఏదో ఆమెకు తెలుసు. కోరుట్ల మందిరంలో వందమంది ముందు, అత్త ముందు, ఆ మాట వస్తే? గురువారం ఒక్కతే బస్సెక్కి పాస్టరు దగ్గరికి పోయింది.

"అయ్యగారూ, రేపు నూనె గీనె వద్దు. మా ఆయన గిట్లనే మంచిగున్నడు. తింటుండు, పంటుండు."

పాస్టరు ముఖం వెలిగిపోయింది. "సూసినవా అమ్మా! మూడో శుక్రవారం దగ్గరికచ్చిందని వానికి భయం పుట్టింది. నీ నోట్ల జొచ్చి మాట్లాడుతుండు. ఎవలు ఆపినా ఆగద్దు, రేపు తప్పక రా" అన్నాడు.

శాంత తిరుగు బస్సెక్కింది. ఒక్కటి మాత్రం నిజమనిపించింది. ఆపమంటున్నది ఎవరో గానీ, మంచిది మాత్రం కాదు.

మూడో శుక్రవారం మందిరం కిటకిటలాడింది. సైతానును వెళ్లగొట్టడం చూడాలని ఎవరికుండదు? మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో రాజేశాన్ని కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు భుజాలు పట్టుకున్నారు. ఆయన కదలడం లేదు కాబట్టి పట్టుకోవాల్సిన అవసరమేమీ లేదు, పద్ధతి అట్లాంటిది. డప్పు మొదలైంది. పాస్టరు రాజేశం నెత్తిన నూనె పోసి అరచెయ్యి పెట్టి గర్జించాడు.

"ఓ దురాత్మా! ఈ మనుష్యుని ఈ గతికి తెచ్చినది ఎవరు? పేరు చెప్పుము!"

నూనె నుదుటి మీదుగా కళ్లలోకి జారుతోంది.

"పేరు చెప్పుము!"

రాజేశం కళ్లు చికిలించి జనంలోకి చూశాడు. ఆడవాళ్ల వైపు చూశాడు. శాంత మీద ఆ చూపు ఆగింది. అందులో కోపం లేదు. పెదవులు కదిలాయి, మళ్లీ మూసుకున్నాయి. అప్పుడు శాంతకు తెలిసిపోయింది. ఆయనకు మతి పోలేదు. జవాబు నాలుక చివర ఉంది. చెప్పడం లేదు, అంతే.

ఇంకేం, గండం గడిచినట్టే. మరో అరగంటకు పాస్టరుకు దగ్గు వస్తుంది. సైతాను మొండివాడని చెప్పి ఇంకో మూడు శుక్రవారాలు ఇస్తాడు. శాంత ఊరికే కూర్చుంటే చాలు. దేవుడు కూడా చెప్పకుండా ఊరుకున్నాడు కదా! కానీ దేవుడంటే దేవుడు, ఎక్కడో పైన ఉంటాడు. శాంత ఆ మనిషి పక్కన పడుకోవాలి, పొద్దున లేచి ఆ మనిషికే అన్నం పెట్టాలి. నూనె మండి రాజేశం కంట నీరు కారుతుంటే ఆమె ఇక చూడలేకపోయింది.

"శాంత!" అని అరుస్తూ లేచింది. "పేరు అడుగుతున్నరు గద, శాంత! రాసుకోండ్రి!"

పాస్టరు కళ్లు మూసుకుని మంచి ఊపులో ఉన్నాడు. పేరు దొరకడమే ఆలస్యం, "శాంతా! ఈ మనుష్యుని విడిచి తక్షణమే వెళ్లిపొమ్ము!" అని ఆజ్ఞ ఇచ్చేశాడు. ఆడవాళ్లు అలవాటుగా "హల్లెలూయా" అన్నారు. డప్పు రెండు దెబ్బలు ఎక్కువే పడింది. తర్వాత ఒక్కొక్కరికి సంగతి అర్థమై అందరూ శాంత వైపు తిరిగారు. పాస్టరు కళ్లు తెరిచాడు.

"ఏందమ్మా, నీ పేరు చెప్తున్నవ్?"

"నా పేరే చెప్పాలె అయ్యగారూ. ఏజెంటు అడిగినప్పుడు గీయన పోనన్నడు. గీడనే మంచిగున్నదన్నడు. నేనే తలకాయ ఊపిన. కాళ్లు మొక్కిన, వద్దన్న అని ఊరంత చెప్పుకున్న. ఒట్టిది. గోవర్ధన్ సైతానే కావచ్చు, గని నేను ఊ అనకపోతే వాడు మా వాకిట్లకెల్లి లేసి పోతుండె." కుర్చీ వైపు చెయ్యి చూపింది. "గీయన నాలుగేండ్లు మేకలతోని మాట్లాడిండు, నా వల్లనే."

కిష్టవ్వ నోరు తెరుచుకుని కోడలిని చూసింది. పాస్టరు ఏ తెలుగులో మాట్లాడాలో తెలియక నిలబడిపోయాడు.

"అయ్యగారూ."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. బొంగురుగా, తుప్పు పట్టినట్టుంది. కుర్చీలోంచి వచ్చింది.

"గామెను పొమ్మనకుండ్రి" అన్నాడు రాజేశం. "తలకాయ ఆమె ఊపింది. బస్సు నేనెక్కిన."

భుజాలు పట్టుకున్నవాళ్లు తమంతట తామే చేతులు తీసేశారు. కిష్టవ్వ "నా కొడుకు మాట్లాడిండు!" అని ఒక్క పెట్టున ఏడ్చింది, ఎల్లమ్మకూ ప్రభువుకూ కలిపి దండం పెట్టింది. పాస్టరు ఆనందం చాప మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. సైతాను పోయాడా, అసలు వచ్చాడా అని ఎవరో అడిగితే, "నాకు తెలువదు తమ్మీ. మాట అయితే అచ్చింది, స్తోత్రం చెయ్యి" అన్నాడు.

మధ్యాహ్నం కోరుట్ల బస్టాండులో కిష్టవ్వ సోడా తాగడానికి పోయింది. బల్ల మీద మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగిలారు. శాంత కొంగుతో ఆయన మొహం మీది నూనె తుడిచింది. చెవుల వెనక తుడిచింది, మెడ తుడిచింది. తుడవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"రెండు నెలలు నోరెందుకు కట్టుకున్నవయ్యా? నన్ను తిట్టకపోతివా? కొట్టకపోతివా?"

"తిడుదామనే అచ్చిన" అన్నాడు రాజేశం. మాటలు వెతుక్కుంటూ మెల్లగా అంటున్నాడు. "ఇమానంల కూసున్నప్పుడు ఏమేం తిట్టాల్నో అన్ని అనుకున్న."

"మరి?"

"తెల్లారి నన్ను సూడనీకి మంది అచ్చిండ్రు గద. నువ్వు ఏడ్సుకుంట చెప్తున్నవ్, పోవద్దని కాళ్లు మొక్కిన అని." ఆయన తన అరికాళ్ల వైపు చూసుకున్నాడు. "నేను నోరు తెరిస్తే గంతమందిల నువ్వు అబద్ధమాడినదానివైతవ్. ఒక మాట మాట్లాడితే ఇంకోటి అస్తది, అటెనుక గది సుత అస్తదని మొత్తమే మాట్లాడుడు బందు పెట్టిన."

శాంత కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుని, బస్టాండులో అంతమంది చూస్తుండగానే గట్టిగా ఏడ్చింది.